కలుగు కనిపిస్తే ఆగని కుక్కలు

ఇంగ్లండులోని డెవన్‌లో స్థిరపడిన మా ఇంట్లో ఆరేళ్లుగా రెండు జాక్ రస్సెల్ టెర్రియర్లు ఉంటున్నాయి. ఈ జాతికి పేరు ఈ ప్రాంతంవాడే అయిన స్విమ్‌బ్రిడ్జ్ చర్చి మతగురువు జాన్ (ముద్దుపేరు జాక్) రస్సెల్ వల్ల వచ్చింది. ఆయన 1819లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతుండగా ఒక పాలవాడి దగ్గర కొన్న ట్రంప్ అనే ఆడకుక్కతో ఈ సంతతి మొదలైంది. బొరియలో దాక్కున్న నక్కను బయటికి తరమడమే ఒకప్పుడు వీటి పని కనుక, ఛాతీ రెండు చేతుల పట్టులో ఇమిడేంత సన్నగా ఉండేలా, యజమాని మాట వినిపించని ఆ చీకటిలో తమంతట తామే తెగించేలా వీటిని తరతరాలుగా పెంచారు. అందుకే, పిలిస్తే రాలేదని వీటిని కోప్పడడం నాకు న్యాయంగా తోచదు.

నిరుడు చలికాలంలో చిన్నది కుందేలు బొరియలో దూరి రెండు గంటలపాటు బయటికి రాలేదు. నేను తడినేలకు చెవి ఆనించి, లోపలినుంచి ఏదైనా మూలుగు వినిపిస్తుందేమోనని ఊపిరి బిగబట్టి పడుకున్నాను. చివరికి ముక్కునిండా ఎర్రమట్టితో, ఒక కాలిగోరు చిట్లి, తోక ఊపుతూ వచ్చింది. ఆ రోజు నుంచి పొలాల్లో పొడవాటి తాడు విప్పడం మానేశాను. ఇంటి కంచె కింద ఇనుపజాలీని అడుగు లోతున పాతించాము. పాత దుప్పటిలో బిస్కెట్లు చుట్టి తోటలో దాచి వెతికిస్తే ఆ వేట తపన కొంత తీరుతుంది. పక్కింటి పిల్లి విషయంలో మాత్రం ఏ శిక్షణా పనిచేయలేదు. అది గోడమీద కనిపించగానే పెద్దది ఒళ్లంతా వణుకుతూ నిలబడిపోతుంది, నేను దాన్ని ఎత్తుకుని లోపలికి తీసుకువెళ్తాను.