అక్షరాలు లేని పుట, చింతపిక్కల జిగురు

మా ఇంట్లో బొమ్మల పుస్తకాలు పిల్లలు చదువుతారు, నేను వింటాను. ఒడిశాలోని రాయగడలాంటి ఊళ్లో కాపురమున్న తెలుగు వాళ్లకు ఈ పద్ధతే మేలని నా నమ్మకం. ఇక్కడ బడిలో ఒడియా, ఇంగ్లీషు. ఇంట్లోనూ బజారులో చాలా దుకాణాల్లోనూ తెలుగు. పక్కింటికి వెళ్తే మళ్లీ ఒడియా. రెండో తరగతి చదివే మా అమ్మాయి ఒడియా గడగడా చదువుతుంది, తెలుగు మాత్రం కూడబలుక్కుంటుంది. తెలుగు పుస్తకం చేతికిచ్చి చదవమంటే ఆ కథ ఆమెకు మరో పరీక్ష అవుతుంది. అదే పుటలో కింది వరుసలను చేత్తో మూసి, ‘ఇక్కడ ఏం జరుగుతోంది?’ అని అడిగితే చాలు. ఏనుగు ఎందుకు అలిగిందో, చెట్టు వెనక దాక్కున్నది ఎవరో, రాత్రికి వాళ్లకు అన్నం ఎవరు పెడతారో ఒక్కొక్కటే బయటికి వస్తాయి, అదీ తెలుగులో. మధ్యలో ఒడియా మాటలు దొర్లుతాయి. దొర్లనివ్వాలి. కథ పరుగు మీద ఉన్నప్పుడు మాట దిద్దబోతే పిల్ల ఆ మాట నేర్చుకోదు సరికదా, కథే ఆపేస్తుంది.

పుస్తకాలు దొరకడం ఇక్కడ కొంచెం కష్టమే. విజయనగరం వెళ్లినప్పుడు కొన్ని తెచ్చుకుంటాం. మిగతావి ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ నుంచి తీసుకుంటాను. ఉచితంగా దించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. తెలుగులోనూ ఒడియాలోనూ ఉన్న కథలు వెతికితే దొరుకుతాయి. అలాంటివి రెండు భాషల్లోనూ అచ్చు తీసి పక్కపక్కన పెడతాను. ఇది కొత్త సంగతేమీ కాదు. మా అత్తగారి చిన్నతనంలో వాళ్లింటికి చందమామ, పక్కనున్న ఒడియా వారింటికి దాని ఒడియా కూర్పు జహ్నమాము వచ్చేవట. బొమ్మలు అవే, కింద లిపి వేరు. ఇద్దరు పిల్లలు ఒకే అరుగు మీద కూర్చుని ఒకే రాక్షసుణ్ణి చూసి భయపడేవాళ్లమని ఆవిడ ఇప్పటికీ చెబుతుంటారు.

చూడటం ఒక ఎత్తు, చేతులతో చేయడం మరో ఎత్తు. ఈ విషయంలో మా జిల్లాను మించిన పాఠశాల లేదు. గుణుపూర్ వైపు కొండల్లో సవరలు ఇంటి లోపలి గోడ మీద ఎర్రమన్ను అలికి, బియ్యప్పిండి నీళ్లలో వెదురు పుల్ల ముంచి బొమ్మలు వేస్తారు. వాటిని ఇడితాల్ అంటారు. పంట చేతికొచ్చినా, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, గతించిన పెద్దలను తలుచుకోవాలన్నా వాళ్లకు ఆ గోడే ఆధారం. ముందు చుట్టూ అంచు గీస్తారు. తర్వాత లోపలంతా మనుషులు, గుర్రాలు, ఏనుగులు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు కిక్కిరిసిపోతారు. సవరల మతం గురించి 1955లో వెలువడిన తన గ్రంథంలో మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ ఈ గోడబొమ్మల గురించి విపులంగా రాశాడు. కొండ దిగువన కనిపించిన సైకిలూ, ఆకాశంలో పోయిన విమానమూ కూడా ఆ గోడల మీదికి ఎక్కాయి.

మా అమ్మాయిని ఎక్కువగా పట్టుకున్నది ఆ సైకిలే. ‘అమ్మా, దేవుడి బొమ్మలో సైకిల్ ఉండొచ్చా?’ అని అడిగింది. ఉండొచ్చన్నాను. పెద్దలకు ఏది చూపించాలనిపిస్తే అది వేస్తారమ్మా అన్నాను. అయితే ఒక సంగతి కూడా చెప్పాను: అది వాళ్ల ఇంటి పూజ, మనం మక్కికి మక్కి దించుకుని పెన్నుల డబ్బా మీద అతికించుకునే నగిషీ కాదు. అంచు గీసి లోపలికి నింపుకుంటూ రావడం మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు. తెల్ల కాగితం ముందు బిగుసుకుపోయే పిల్లలకు అది ఎంత ధైర్యమిస్తుందో! ఎక్కడ మొదలుపెట్టాలన్న బెంగ ఉండదు. మా అమ్మాయి అంచు లోపల ముందు మా వీధి వేసింది, తర్వాత నాగావళి, ఆ తర్వాత పార్వతీపురం వెళ్లే రైలు. రైలు కిటికీల్లో అందరూ చేపలే. చేపలెందుకని నేను అడగలేదు. కాసేపటికి తనే చెప్పింది, వాటికి ఏటిలో విసుగొచ్చిందట.

ఈ ఏడాది మా ఇంట్లో పెద్ద పని గంజపా ముక్కలు. పర్లాకిమిడి, సోన్‌పూర్, రఘురాజ్‌పూర్ చిత్రకారులు వేసే గుండ్రటి పేకముక్కలివి. ఎనిమిది రంగుల ఆటకు తొంభై ఆరు ముక్కలు. ఇక్కడ రంగు అంటే మన పేకలో ఇస్పేటు, ఆటీను లాంటి జట్టు. ఒక్కో రంగులో రాజు, మంత్రి, ఒకటి నుంచి పది వరకు గుర్తులు. పాత నూలుగుడ్డను పొరలు పొరలుగా చింతపిక్కల జిగురుతో అతికించి, సుద్ద పూసి, ఎండబెట్టి, రాయితో నునుపు చేస్తారు. జిగురు చేయడం పిల్లలకు ఎంతో ఇష్టమైన పని. పిక్కలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, సన్నటి సెగ మీద కలుపుతూ ఉడికించాలి. పొయ్యి దగ్గర నేను, రుబ్బురోలు దగ్గర వాళ్లు. పూసే రంగుల విషయంలో మాత్రం తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉండాలి. గుడ్డ మీద వేసే పాతకాలపు పటచిత్రాల్లో ఎరుపుకు వాడే ఇంగిలీకంలో పాదరసం, పసుపుకు వాడే హరిదళంలో ఆర్సెనిక్ ఉంటాయి. సంప్రదాయం పేరుతో వాటిని పిల్లల చేతికి ఇవ్వకూడదు. వంటింటి పసుపు, దీపం మసి, జేగురు, బియ్యప్పిండి మాకు సరిపోతున్నాయి. పసుపు ఎండకు వెలిసిపోతుంది, పోనీ, మళ్లీ పూసుకుంటాం.

రాజులు, మంత్రులు ఎవరన్నది పిల్లలే తేల్చుకున్నారు. పనసకాయల రంగుకు నాయనమ్మ రాజు. మేఘాల రంగుకు మజ్జిగౌరమ్మ గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్మే మామ్మ రాజు, ఆవిడ మేక మంత్రి. నాలుగేళ్ల మా అబ్బాయి చెప్పుల రంగు కావాలని పట్టుబట్టి గెలిచాడు. నాయనమ్మను తెలుగులో పిలవాలి, మేకతో ఒడియాలో మాట్లాడాలి. ఈ నియమమూ వాళ్లదే.

‘పిల్ల ఇంకా తెలుగు సరిగ్గా చదవడం లేదు, ఈ జిగుర్లూ గుడ్డలూ ఏమిటే?’ అని మా అమ్మ ఫోనులో కోప్పడుతుంది. ఆవిడ బెంగ నాకు అర్థమవుతుంది. మనవరాలు రాసిన ఉత్తరం చదువుకోవాలని ఆవిడ ఆశ. ఆటవల్ల లెక్కలు వస్తాయనో, వేళ్లకు వ్యాయామమనో చెప్పి ఆవిడను ఒప్పించవచ్చు. అలా చెప్పడం నాకు ఇష్టం లేదు. చెప్పులకు ఒక రాజ్యం ఉండాలని ఒక బిడ్డకు తోచిందంటే దానికి వేరే లాభం చూపించాల్సిన పని లేదు. మా అమ్మాయి మాత్రం తనంతట తానే ఒక్కో రాజు వెనక ఆ రాజు కథ రాస్తానంటోంది. నాయనమ్మది తెలుగులో, మామ్మది ఒడియాలో. ముక్క చిన్నది, అక్షరాలు పెద్దవి, పట్టడం లేదు. అందుకని సంక్రాంతి సెలవులకు అరచేయంత ముక్కలు చేయాలని నిర్ణయించాం. పాత ధోవతులు పంపమని అమ్మకే చెప్పాను.