కింద ఏ సంఖ్య రాయాలి?

మా మేనకోడలు పదో తరగతి. సంభావ్యత అధ్యాయంలో పాచికలు, పేకముక్కలు, సంచిలో ఎర్ర బంతులు అన్నీ చకచకా చేసేస్తుంది. అదే ఒక పట్టిక ఇచ్చి లెక్క కట్టమంటే మాత్రం పెన్సిల్ ఆగిపోతుంది, భిన్నంలో కింద ఏ సంఖ్య రాయాలో తెలీక.

మొన్న ఆదివారం విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ చూసి, మురీ మిక్చర్ తింటూ గట్టు మీద కూర్చున్నాం. దూరంగా లంగరేసి ఉన్న ఓడల్ని చూసి టైటానిక్ సంగతి అడిగింది. ఇంటికి రాగానే ఆ పట్టికే నోట్‌బుక్కులో గీసిచ్చాను, గణాంకశాస్త్రం చదివేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు చూసేదే. 1912లో మునిగిన ఆ ఓడలో, పట్టిక ప్రకారం, సిబ్బందితో కలిపి 2201 మంది, బతికింది 711 మంది. ఆడపిల్లల్ని కూడా కలుపుకుని ఆడవాళ్ళు 470, వాళ్ళలో బతికింది 344. మగవాళ్ళు 1731, బతికింది 367.

చూసీ చూడగానే, "ఏటి మావయ్యా, ఆడవాళ్ళనే ముందు పడవలెక్కించారంటారు కదా, మరి మగవాళ్ళే ఎక్కువమంది బతికారేటి?" అంది.

నాకు భలే సంతోషమేసింది. ఆ అడగడం వచ్చేస్తే అధ్యాయం సగం వచ్చేసినట్టే. స్కేలు తీసి మగవాళ్ళ వరుస మూసేయమన్నాను. ఇక మిగిలింది 470 మందే, కాబట్టి 344ని 470తో భాగిస్తే 0.73. స్కేలు ఆడవాళ్ళ వరుస మీదికి జరిపితే 367 బై 1731, అంటే 0.21. ఇప్పుడు స్కేలు నిలువుగా పెట్టి చనిపోయినవాళ్ళ గడి మూస్తే 344 బై 711, 0.48. పైన అదే 344, కానీ మొదటిది 'ఆడవాళ్ళలో ఎందరు బతికారు' అని, చివరిది 'బతికినవాళ్ళలో ఆడవాళ్ళు ఎందరు' అని. నేను చెప్పిందల్లా ఒక్కటే: ప్రశ్నలో 'లో' ఏ మాటకి తగులుకుందో చూడు, ఆ గుంపే కిందకి వస్తుంది. మన భాష ఆ సాయం చేస్తూనే ఉంది, పుస్తకాల్లో ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

ద్వారకానగర్ వెళ్తే కోచింగ్ హోర్డింగుల నిండా ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలే. ఎంతమందిలో అన్నది ఒక్కదాని మీదా ఉండదు. ఫీజు కట్టే ముందు తల్లిదండ్రులు అడగాల్సింది ఆ సంఖ్యే.

తర్వాత అదే ఓడలో టిక్కెట్టు తరగతుల పట్టిక ఇచ్చాను. సిబ్బందిలో 212 మంది బతికారు, మొదటి తరగతిలో 203. ఈసారి తను తొందరపడలేదు, "సిబ్బంది మొత్తం ఎంతమంది?" అనడిగింది. 885. మొదటి తరగతి 325. తనే భాగించుకుంది: 0.24, 0.62.

ఆఖర్న ఆడవాళ్ళ లెక్క ఒక్కటీ తరగతులవారీగా చేయమన్నాను. మొదటి తరగతిలో 145 మందికి 141 మంది బతికారు. మూడో తరగతిలో 196 మందికి 90. భాగహారం చేస్తుందనుకున్నా. చేయలేదు. రెండు వరుసల్లోనూ తీసివేత చేసి, పక్కన పెన్సిల్‌తో 4 అనీ, దాని కింద 106 అనీ రాసి, చాలాసేపు వాటికేసే చూస్తూ కూర్చుంది.