మట్టి కప్పేసిన తులాభారం

ఇంగ్లాండ్‌లోని లెస్టర్‌లో ఆరేళ్ళ నుంచి ఉంటున్నాం కానీ పక్కనే రట్లండ్ అని ఒక కౌంటీ ఉందన్న సంగతి నేనెప్పుడూ పట్టించుకోలేదు. రైల్వే స్టేషన్ బోర్డు మీద ఓకమ్ అని దాని ముఖ్యపట్టణం పేరు కనపడేది, అంతే. రైలెక్కితే అరగంట ప్రయాణం. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే అనుకోండి, కానీ 2021 జనాభా లెక్కల్లో ఈ జిల్లా మొత్తం కలిపితే తేలింది 41 వేల మంది. మా మాచర్ల టౌన్‌లోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు.

వెళ్దామని పట్టుబట్టింది మావాడు. తొమ్మిదేళ్ళు. స్కూల్లో ఎవరో రట్లండ్ సీ డ్రాగన్ గురించి చెప్పారట, ఇక వారం రోజులు అన్నం దగ్గరా నిద్ర దగ్గరా అదే గోల. సరే పదమని ఒక ఆదివారం బయల్దేరాం, వెళ్ళి చూస్తే మ్యూజియం మూసి ఉంది. తప్పు నాదే, చిన్న ఊళ్ళ మ్యూజియాలు వారమంతా తెరవరని తెలిసి కూడా టైమింగ్స్ చూసుకోలేదు. ఈయన ఏమీ అనలేదు గానీ, ఆ ఏమీ అనకపోవడంలోనే అంతా అనేశారు.

వచ్చినందుకు ఊళ్ళో కోట చూశాం. కోట అంటే బురుజులూ కందకాలూ ఊహించుకున్నాను, తీరా మిగిలింది పన్నెండో శతాబ్దం చివర్లో కట్టిన పెద్ద హాలు ఒక్కటే. లోపల గోడల నిండా గుర్రపు నాడాలు, రెండు వందలకు పైనే, కొన్ని మన తలుపంత సైజులో కిరీటం బొమ్మతో సహా. రాజవంశం వాళ్ళూ ప్రభువులూ మొదటిసారి ఈ ఊరికి వస్తే ఒక నాడా సమర్పించుకోవాలట. "టోల్‌గేటన్నమాట" అన్నారు ఈయన, అప్పటికి కాస్త తేరుకుని. నాడాలన్నీ తలకిందులుగా వేలాడదీశారు, నిలబెడితే ఆ వంపులో దయ్యం వచ్చి కూర్చుంటుందట.

రెండు వారాల తర్వాత, ఈసారి అన్నీ చూసుకుని, మళ్ళీ వెళ్ళాం. రట్లండ్ కౌంటీ మ్యూజియం ఉన్న భవనం 1790ల్లో అక్కడి గుర్రపు దళానికి స్వారీ నేర్పడానికి కట్టినది. ఎత్తైన పైకప్పు, మధ్యలో ఒక్క స్తంభం కూడా లేని పెద్ద షెడ్డు, అందులో ఎడ్లబండ్ల లాంటి గుర్రపు బండ్లూ నాగళ్ళూ వడ్రంగి సామానూ. నాగళ్ళ దగ్గర ఈయన చాలాసేపు ఉండిపోయారు, ఇది మన బోద నాగలి లాంటిది, ఇది గొర్రు అంటూ. ఓకమ్ జైల్లో వాడిన ఉరికంబం కూడా ఉంది, మావాడికి అది తెగ నచ్చింది, నాకేమో అక్కడ నిలబడాలనిపించలేదు. ఇవన్నీ శాశ్వతంగా ఉండేవి. నేను చెప్పాలనుకున్నది వీటి గురించి కాదు, మూడు నాలుగు నెలలు పెట్టి తీసేసే ప్రదర్శనల గురించి.

డెస్క్ దగ్గర డెబ్బై దాటిన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది, జీతం లేని వాలంటీరు. మావాడు వెళ్ళీ వెళ్ళగానే "డ్రాగన్ ఎక్కడ?" అని నిలదీశాడు. ఎముకలు ఇక్కడ లేవు నాన్నా, శుభ్రం చేయడానికి వేరేచోట ఉన్నాయి, ఫోటోలున్నాయి చూడు అంది. వాడి మొహం చూడాలి. ఆవిడకు ఇది అలవాటే అనుకుంటా, వెంటనే కథ మొదలుపెట్టింది. 2021 ఫిబ్రవరిలో జో డేవిస్ అని వన్యప్రాణి సంస్థలో పనిచేసే ఒకాయన రట్లండ్ వాటర్ చెరువులో నీళ్ళు తీసేసిన ఒక మడుగు గుండా నడుస్తున్నాడు. బురదలోంచి మట్టి పైపుల్లాంటివి వరసగా పైకి తేలి ఉన్నాయి. పైపులు కావు, వెన్నెముక. కౌంటీ ఆఫీసుకు ఫోన్ చేసి డైనోసార్ దొరికినట్టుంది అంటే, మా దగ్గర డైనోసార్ డిపార్ట్‌మెంట్ లేదండీ, ఎవరిచేతనైనా మళ్ళీ ఫోన్ చేయిస్తాం అన్నారట! నిజానికి అది డైనోసార్ కాదు, ఇక్తియోసార్ అనే సముద్రపు సరీసృపం, 18 కోట్ల ఏళ్ళ నాటిది. పొడవు పది మీటర్లు, తలకాయ ఉన్న మట్టిగడ్డ ఒక్కటే టన్ను బరువు తూగింది. బ్రిటన్‌లో దొరికిన ఆ జాతి అస్థిపంజరాల్లో ఇంత పెద్దదీ ఇంత పూర్తిగా ఉన్నదీ ఇంకొకటి లేదు. నాలుగు వైపులా పొలాలే తప్ప సముద్రం వాసన కూడా లేని జిల్లాలో సముద్రపు జంతువేంటి అని ఈయన అడిగితే, అప్పుడు ఇదంతా సముద్రమే కదా అని మావాడే జవాబు చెప్పాడు. పెద్దావిడ వాడికి ఒక స్టిక్కర్ ఇచ్చింది, దాంతో ఫోటోలతో రాజీపడ్డాడు.

నన్ను కదలకుండా నిలబెట్టింది దాని పక్కన ఉన్న ఇంకో బొమ్మ. అదీ ఫోటోనే, పెద్ద ప్రింటు. 2020 లాక్‌డౌన్‌లో జిమ్ ఇర్విన్ అనే ఆయన వాళ్ళ నాన్నగారి గోధుమ పొలంలో ఇంట్లోవాళ్ళతో కలిసి నడుస్తుంటే కుండపెంకులు కనిపించాయట. ఇంటికొచ్చి ఉపగ్రహం తీసిన పటం తెరిస్తే పైరులో గీత గీసినట్టు ఏదో ఆకారం. అక్కడ తవ్వితే ఒక రోమన్ల కాలపు భవంతి, దాని నేల మీద పదకొండు మీటర్ల పొడవూ ఏడు మీటర్ల వెడల్పూ ఉన్న మొజాయిక్. మనకు మొజాయిక్ అంటే ఎనభైల్లో కట్టిన ఇళ్ళలో గచ్చు గుర్తొస్తుంది, చిప్స్ పోసి పాలిష్ పట్టేవాళ్ళు, ఎండాకాలం దాని మీద పడుకుంటే హాయి. ఇదీ రాళ్ళ ముక్కలతో చేసిందే, కాకపోతే ఒక్కో ముక్కా ఏరి, పేర్చి, ట్రాయ్ యుద్ధం బొమ్మ కట్టారు.

మూడు భాగాలు. మొదటిదాంట్లో గ్రీకు వీరుడు అకిలీస్, ట్రాయ్ రాజు కొడుకు హెక్టర్ రథాల మీద కొట్టుకుంటున్నారు. రెండోదాంట్లో చచ్చిపోయిన హెక్టర్‌ను అకిలీస్ రథానికి కట్టి ఈడ్చుకుపోతున్నాడు, హెక్టర్ ముసలి తండ్రి చేతులు చాచి బతిమాలుతున్నాడు. మూడోది చూసి నేను గట్టిగానే "తులాభారం!" అన్నాను. ఒక మనిషి కావడి మోసినట్టు త్రాసు భుజం మీద మోస్తున్నాడు, ఒక తట్టలో కొడుకు శవం, ఇంకో తట్టలో తండ్రి బంగారు పాత్రలు వేస్తున్నాడు. శవాన్ని బంగారంతో తూచి ఇచ్చి ఇంటికి తీసుకెళ్ళాలి. మనం తులాభారం అంటే సత్యభామ నగలన్నీ పోసినా తూగని కృష్ణుడూ చివర్లో రుక్మిణి వేసిన తులసిదళమూ చూసి పెరిగినవాళ్ళం, ఆ తట్టలో దేవుడే కూర్చుంటాడు మనకు. ఇక్కడ కూర్చున్నది, కాదు పడుకున్నది, చచ్చిపోయిన కొడుకు. ఈ యుద్ధం కథ చెప్పిన గ్రీకు కవి హోమర్ కావ్యంలోనైతే అసలు తూకం వెయ్యరు. నీ బరువంతా బంగారం పోసినా నీ శవం ఇవ్వను అని అకిలీస్ బతికున్న హెక్టర్‌తోనే అంటాడు. ఆ మాటను వేరేవాళ్ళు నిజం చేసి త్రాసు కట్టిన కథ ఈ బొమ్మలోది. ఎక్కడో రోమ్‌కు దూరంగా, ఈ వాన దేశంలో, ఒక భూస్వామి తన భోజనాల గదిలో ఈ బొమ్మ వేయించుకున్నాడంటే వచ్చిన చుట్టాలకు తనకెంత చదువుందో చూపించుకోవడానికే అయ్యుంటుందని నా అనుమానం.

"ఎప్పుడు చూడొచ్చు?" అని అడిగాను పెద్దావిడను. చూడలేరు, మళ్ళీ మట్టి కప్పేశారు అంది. చలికీ మంచుకీ నాగళ్ళకీ పాడవకుండా ఉండాలంటే అదే దారి, పదిహేడు వందల ఏళ్ళు దాన్ని కాపాడింది ఆ మట్టే కదా. కాబట్టి ఈ జిల్లా మ్యూజియంలో జిల్లా గొప్పలు రెండూ ఫోటోలే. ఈయన బయటికొచ్చాక "అసలు సరుకు లేకుండా షాపు తెరిచారు" అన్నారు, నేను నవ్వానే గానీ ఒప్పుకోలేదు.

ఎందుకంటే అప్పటికి మూడోది కూడా చూశాను. చివర ఒక మూల, తక్కువ వెలుతురులో, మనుషుల ఇళ్ళ ఆల్బమ్‌ల నుంచి తెచ్చిన పాత ఫోటోలు. చెరువు రాకముందు ఆ లోయ. పాత ఫోటోలకూ కాగితాలకూ గుడ్డలకూ లైటు పడదు, ఎంత తగ్గించినా కొంత రంగు పోతుంది, అందుకే కొన్నాళ్ళు పెట్టి తీసేస్తారు అని ఆవిడే చెప్పింది. పైగా ఇవి మ్యూజియంవి కావు, ఇచ్చినవాళ్ళకు తిరిగి ఇవ్వాలి, ఏ తేదీకి ఇవ్వాలో కాగితం రాసుకుంటారు. ఒక ఫోటోలో ఇంటి ముందు ఒకావిడ ఏప్రన్ కట్టుకుని కోళ్ళకు గింజలు వేస్తోంది. వెనక కిటికీలో పిల్లి. అంతే ఫోటో. ఆ ఇల్లు ఇప్పుడు నీళ్ళలో.

1970ల్లో పీటర్‌బరో, నార్తాంప్టన్ లాంటి పెరుగుతున్న ఊళ్ళకు నీళ్ళు కావాలని ఎంపింగమ్ దగ్గర కట్ట కట్టి వెలాండ్, నేన్ నదుల నీళ్ళు పంపులతో ఎత్తి ఇక్కడ నింపారు. మూడు వేల ఎకరాలకు పైన. దిగువ హాంబుల్టన్ పోయింది, నడిమి హాంబుల్టన్ చాలావరకు పోయింది, ఎగువ హాంబుల్టన్ గుట్ట మీద ఉండబట్టి మిగిలింది. సరిగ్గా ఆ పనులు నడుస్తుండగానే, 1974లో, రట్లండ్ జిల్లానే రద్దు చేసి లెస్టర్‌షైర్‌లో కలిపేశారు. ఎంపింగమ్ రిజర్వాయర్ అని పిలిచేదాన్ని, జిల్లా పేరు నీళ్ళకైనా మిగలాలని, రట్లండ్ వాటర్ చేశారు. ఇరవై మూడేళ్ళు పట్టు వదలకుండా అడిగి 1997లో జిల్లాను మళ్ళీ తెచ్చుకున్నారు. మా మాచర్ల 2022లో గుంటూరు జిల్లా నుంచి పల్నాడు జిల్లాలోకి మారినప్పుడు మేం ఆధార్‌లో అడ్రస్ ఏం చేయాలా అని తప్ప ఇంకేం ఆలోచించలేదు.

మాచర్ల వాళ్ళకు ముంపు అంటే కొత్తేం కాదు. ఏడో తరగతిలో విజయపురి సౌత్ నుంచి లాంచీలో నాగార్జునకొండకు తీసుకెళ్ళారు మమ్మల్ని. 1955 డిసెంబరులో నెహ్రూ డ్యాముకు శంకుస్థాపన చేసేనాటికే అక్కడ తవ్వకాలు జోరుగా నడుస్తున్నాయి. నీళ్ళొచ్చేలోపు లోయలో దొరికిన ఇక్ష్వాకుల నాటి స్తూపాల్లో, విహారాల్లో కొన్నింటిని ఒక్కో ఇటుకా విప్పి కొండ మీద మళ్ళీ కట్టారు. ఆ కొండే ఇప్పుడు దీవి. లెక్క చూస్తే ఈ మొజాయిక్ పేర్చిన కాలమూ విజయపురి ఇక్ష్వాకుల కాలమూ దాదాపు ఒకటే, క్రీస్తు శకం మూడు, నాలుగు శతాబ్దాలు, పైగా నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణేలు కూడా దొరికాయి. ఇక్కడివాళ్ళకూ మావాళ్ళకూ అప్పట్లోనే ఒకే టంకసాల డబ్బు తెలుసన్నమాట, నాకది భలే నచ్చింది. లాంచీలో మా సార్ స్తూపాల గురించి చెప్పారు, వాటి ముందు నిలబెట్టే ఆయక స్తంభాల గురించి చెప్పారు. ఆ లోయలో మొన్నమొన్నటి దాకా ఉన్న ఊళ్ళ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు, అందులో ఒకటి మా నాయనమ్మ పుట్టిల్లు అయినా నేనూ అడగలేదు.

సాయంత్రం బస్సులో చెరువు దగ్గరికి వెళ్ళాం. నార్మంటన్ చర్చి అని ఒకటుంది, నీళ్ళలో సగం మునిగినట్టు కనిపిస్తుంది, ఫోటోలు తీసుకునేవాళ్ళు బోలెడు. మునిగిపోకుండా అడుగు సగం రాళ్ళూ కాంక్రీటూ నింపి, నేల ఎత్తు పెంచి, చుట్టూ కట్ట పోశారు. కొన్నాళ్ళు అందులోనూ మ్యూజియం నడిచింది, ఇప్పుడు పెళ్ళిళ్ళు చేస్తున్నారు. మావాడు గట్టు మీద రాళ్ళు తిరగేస్తూ ఎముకలు వెతుకుతున్నాడు. ఈయన ఎక్కడో గద్ద కనపడిందని ఆకాశం చూస్తున్నారు, ఇక్కడికి నీటి గద్దలను 1996 నుంచి కొన్నేళ్ళు తెచ్చి వదిలారట.

నేను నాన్నకు ఫోన్ చేశాను. అక్కడ రాత్రి పదకొండు, నిద్రలోంచి లేచి ఏమైందమ్మా అని కంగారుపడ్డారు. ఏం లేదు నాన్నా, నాయనమ్మ వాళ్ళ ఊరు ఫోటో ఏమన్నా ఉందా మన దగ్గర అని అడిగాను.

"ఫోటోనా? ఆ రోజుల్లో అక్కడ ఫోటో ఎవరు తీశారమ్మా" అన్నారు. కాసేపాగి, "బిందె ఉంది గదా అటక మీద, మీ నాయనమ్మ సారెలో తెచ్చింది" అన్నారు.

పొద్దున లేచేసరికి వాట్సాప్‌లో ఫోటో. ఇత్తడి బిందె, మెడ కింద చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలు. నాయనమ్మ పేరు స్పష్టంగా ఉంది, దాని పక్కన ఊరు పేరు. మావాడు తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, ఫోన్ పెద్దది చేసుకుని ఒక్కో అక్షరం చదువుకుంటూ వచ్చి, మొదటి మూడక్షరాల దగ్గర ఆగిపోయాడు. ఎప్పుడో బిందె కారితే మాటు వేయించారు, మిగతా పేరంతా ఆ మాటు కిందే ఉంది.