చూపు కాగితం మీదే ఉండాలంటే

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా జిరాక్స్ దుకాణానికి ఎక్కువ మంది ఆన్‌లైన్ దరఖాస్తులు నింపించుకోవడానికే వస్తారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, దరఖాస్తులో ఇంగ్లీషు. ఇంటిపేరు ఒక పత్రంలో ముందుంటుంది, ఇంకొక దాంట్లో చివరికి పోతుంది, బ్యాంకు పుస్తకంలో ఒక్క అక్షరమై మిగులుతుంది. అక్షరం తేడా వస్తే పిల్లల స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది. అందుకే నింపేవారి చూపు కాగితం మీద ఉండాలి గాని మౌసు బాణం వెంట తిరగకూడదు. కీబోర్డుతోనే పని చేయాలని నేను పట్టుబట్టేది వేగం కోసం కాదు, ఇందుకే.

ట్యాబ్ కీ ఒక గడి నుంచి తర్వాతి గడికి తీసుకెళుతుంది, షిఫ్టుతో కలిపి నొక్కితే వెనక్కి. టిక్కు పెట్టడానికి స్పేస్ చాలు. ఇక జిల్లా ఎంచుకునే గడి. ఒడిశాలో 30 జిల్లాలు. ఇంగ్లీషు అక్షర క్రమంలో ఉన్న మామూలు జాబితా అయితే జి కొట్టగానే గజపతి వస్తుంది. గంజాం కావాలంటే జి, ఏ, ఎన్ వెంటవెంటనే కొట్టాలి. మధ్యలో ఆగి ఎన్ కొడితే కొత్తగా వెతకడం మొదలుపెట్టి నబరంగపూర్‌కు పోతుంది! మా దగ్గర పని నేర్చుకునే అమ్మాయికి నేను మొదట చూపించేది ఇదే.

బ్రౌజరులో దరఖాస్తును మొదటి ట్యాబులో, స్కాన్ చేసిన పత్రాన్ని రెండో ట్యాబులో పెట్టుకుంటాం. కంట్రోల్‌తో 1, కంట్రోల్‌తో 2 నొక్కుతూ రెండింటినీ సరిచూస్తాం. పొరపాటున మూసిన ట్యాబు కంట్రోల్, షిఫ్టు, టి కలిపి నొక్కితే తిరిగి వస్తుంది, కానీ అందులో నింపినవన్నీ వస్తాయన్న భరోసా లేదు. డబ్బు చెల్లించే పేజీలో మాత్రం పేజీని మళ్లీ లోడు చేసే ఎఫ్5 జోలికి పోవద్దు.

ఎంపికైనవారి జాబితాలో పేరు వెతకడానికి కంట్రోల్, ఎఫ్. అది కాగితాన్ని ఫోటో తీసి పెట్టిన పీడీఎఫ్ అయితే ఏమీ దొరకదు, వరుసవరుసా చదవాల్సిందే.

రెండు లిపులతో బతికే మాకు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక పెద్ద వరం. 1991 నాటి భారతీయ ప్రమాణంలో ఉన్న ఈ అమరికలో తెలుగు 'క' ఏ కీ మీద ఉందో ఒడియా 'క' కూడా దాని మీదే ఉంటుంది. విండోస్ కీతో స్పేస్ నొక్కి భాష మార్చుకుంటే వేళ్లు కొత్తగా ఏమీ నేర్చుకోనక్కర్లేదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో ఏటవాలు గీత (/) కీ నొక్కితే వెతుకులాట పెట్టె తెరుచుకుంటుంది, తెలుగు అమరికలో ఉంటే ఆ కీ 'య' అవుతుంది. ఇంగ్లీషుకు మార్చాకే నొక్కండి.

నాకు కోపం తెప్పించేవి కొన్ని పేజీలు. ట్యాబ్ నొక్కితే ఏ గడిలో ఉన్నామో కనబడదు, తేదీ గడి మౌసు లేనిదే తెరుచుకోదు. పేజీలోని ప్రతి పనీ కీబోర్డుతో చేయగలగాలని అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలు స్పష్టంగా చెబుతున్నాయి. చూపు లేనివారు తెర చదివే సాఫ్ట్‌వేరుతో, కేవలం కీబోర్డుతో పని చేసుకుంటారు. అలాంటి పేజీ వాళ్లకు మూసిన తలుపే. నేను ప్రతిసారీ ఆ సైటు అభిప్రాయాల పేజీలో ఏ గడి దగ్గర ఆగిపోయిందో రాసి పంపుతాను. మీకు తగిలినప్పుడు మీరూ రాయండి, గడి పేరుతో సహా.