రిషివ్యాలీ పక్క పల్లెలో నిచ్చెన బడి

టమోటా సీజన్లో మదనపల్లె బస్టాండు దాటి బయటపడేసరికే సగం ఓపిక అయిపోతుంది. రిషివ్యాలీ బస్సు ఎంతకీ రాకపోతే ఆటో మాట్లాడుకున్నాను. అడిగినంతా ఇచ్చుకోక తప్పలేదు.

రిషివ్యాలీ అనగానే అందరికీ హాస్టలు బడే గుర్తొస్తుంది. నేను వెళ్లింది వాళ్ల గ్రామీణ విద్యా కేంద్రం పల్లెల్లో నడిపే చిన్న బడికి. ఒకే గదిలో రకరకాల తరగతుల పిల్లలు, ఒక్కరే టీచరు. గోడకు నిచ్చెన పటం. పాఠాలన్నిటినీ చిన్న చిన్న మెట్లుగా విడగొట్టారు. మెట్టుకు కొన్ని కార్డులు: ముందు పరిచయం, తర్వాత సాధన, చివర మూల్యాంకనం. కార్డు మీదున్న బొమ్మే నిచ్చెన మీదా ఉంటుంది కాబట్టి చదవడం రాని పిల్ల కూడా తన కార్డు తనే తెచ్చుకుంటుంది. మూల్యాంకనంలో తడబడితే మళ్లీ సాధన కార్డులే. జ్వరమొచ్చి వారం మానేసినా, ఆగిన మెట్టు నుంచే మొదలు.

ఒకమ్మాయి పలక మీద 42లోంచి 17 తీసేసి 35 అని రాసింది. ఏడులోంచి రెండు తీసేసిందన్నమాట. టీచరు తప్పనలేదు. పదేసి పుల్లల కట్టలు నాలుగు, విడి పుల్లలు రెండు ముందు పెట్టి, "పదిహేడు నాకియ్యమ్మా" అంది. పిల్ల ఒక కట్ట ఇచ్చింది. ఏడు పుల్లలు కావాలి, చేతిలో రెండే. చాలాసేపు చూసి, ఇంకో కట్ట రబ్బరు బ్యాండు తీసేసింది. మిగిలినవి లెక్కపెట్టి, 35 చెరిపి 25 రాసుకుంది. అంతసేపూ టీచరు నోరు మెదపకుండా కూర్చోవడం చూసి ఆశ్చర్యపోయాను. నేనైతే ఆ బ్యాండు ఎప్పుడో విప్పేసేదాన్ని.

కొత్త మెట్టెక్కినవాళ్లు టీచరు పక్కనే కూర్చుంటారు, సాధనలో ఉన్నవాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటారు. ఒక్క కార్డు పోయినా ఆ మెట్టు దగ్గర పిల్లలు గుంపుగా ఆగిపోతారు, అందుకే సాయంత్రం ట్రేలన్నీ సరిచూడాల్సిందే. పని చూడకుండా టిక్కు పెట్టేస్తే రెండు మెట్ల తర్వాత బయటపడుతుంది, అప్పుడు వెనక్కి దించడం పిల్లకు అవమానం. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు కూడా ఈ నిచ్చెన, కార్డుల దారే పట్టాయి. కార్డులు అచ్చువేయడం తేలికే, ఇలా నోరు మెదపకుండా కూర్చోగల టీచర్లను తయారుచేయడానికే ఏళ్లు పడుతుంది.

చూడాలనుకునే టీచర్లు ముందే రాసి అనుమతి తీసుకోండి. బడి తెరిచే వేళకే చేరండి, పిల్లలు కార్డులు వెతుక్కునేది అప్పుడే. దయచేసి ఎవరికీ జవాబు అందించకండి.