మోకాలు ఆయనది, పథ్యం ఇద్దరిదీ (నా అనుభవం)

మోకాలి మార్పిడి గురించి ఎక్కడ చదివినా పేషెంట్ సంగతే రాస్తారు, ఆ పక్కన మంచినీళ్ళ చెంబు పట్టుకుని నిలబడే మనిషి సంగతి ఎవరూ రాయరు, అందుకే నేను రాస్తన్నాను. మాది శ్రీకాకుళం, అరసవల్లి వైపు. మా ఆయన హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరయ్యారు. పిల్లల్ని గ్రౌండంతా పరిగెత్తించిన మనిషి, పోయిన రథసప్తమికి క్యూలో నిలబడలేక బయట్నించే దణ్ణం పెట్టుకుని వచ్చేశారు, ఇంక లాభం లేదని వైజాగ్‌లో కుడి మోకాలికి చేయించాం. ఖర్చు సంగతి ఒక్కటే చెప్తాను, ఇంప్లాంట్ (లోపల పెట్టే కృత్రిమ కీలు) ధరలకి కేంద్రం 2017 ఆగస్టులోనే సీలింగ్ (ఇంతకి మించకూడదని హద్దు) పెట్టింది కాబట్టి బిల్లులో దాని రేటు విడిగా చూపించమని అడగండి. ఆపరేషన్ బానే అయింది, మర్నాడే వాకర్ ఇచ్చి నిలబెట్టేశారు.

అసలు సంగతి ఇంటికొచ్చాకే. కమోడ్ కుర్చీ, కాలికి తగిలే పట్టాలు తీసేయడం, ఇవన్నీ మా తమ్ముడు చూసుకున్నాడు. రాత్రుళ్ళే నరకం. పగలు వ్యాయామం, రాత్రికి నొప్పి, పక్కకి తిరగలేరు, ఐసు పెట్టు, నీళ్ళియ్యి, బాత్రూమ్‌కి లేపు, తెల్లారేసరికి ఇద్దరికీ నిద్దర లేదు, పొద్దున్న చూడ్డానికొచ్చినోళ్ళకి మళ్ళీ టీలు. ఒక్కళ్ళయినా "నీకెలగుందమ్మా" అనలేదు, నా మోకాళ్ళు కూడా కింద కూర్చుంటే టకటకమంటాయి మరి.

అన్నిటికన్నా పెద్ద గొడవ తలగడ దగ్గర. మోకాలి కింద తలగడ పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, కానీ అలాగే పడుకుంటే కాలు పూర్తిగా చాపుకోవడం రాదంట, పెడితే మడమ కింద పెట్టమన్నారు. నేను లాగేస్తాను, ఆయన మళ్ళీ పెట్టుకుంటారు. మొదటి వారాల్లో వంచకపోతే బిగుసుకుపోతుందని చెప్పారు కదా, తొంభై డిగ్రీలు రావాలని నేను పక్కన కూర్చుని లెక్కపెడుతుంటే "నువ్వేటి డాక్టరమ్మవా" అని అరుపు. సాయంత్రం దాకా మాటల్లేవు. అదే వ్యాయామం చేయించడానికొచ్చే ఫిజియో కుర్రాడు "మాస్టారూ, ఇంకో అయిదు" అంటే మాత్రం బుద్ధిగా చేసేస్తారు! ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచించి అదే మేలనుకున్నాను. వ్యాయామం మీరూ ఆ అబ్బాయీ చూసుకోండి, నేను లెక్కపెట్టను, తలగడ జోలికీ రానని చెప్పేశాను. ఆ రోజునించే ఇంట్లో మామూలు మాటలు మళ్ళీ మొదలయ్యాయి, పిల్లల ఫోన్లు, కూరల రేట్లు, ఎదురింటోళ్ళ గోల. నాకు తెలిసినంతలో మా ఇద్దరికీ పనికొచ్చిన మందు ఇదొక్కటే.

స్నానం దగ్గర ఇంకో తంటా. కొడుకు చేయిస్తానంటే సిగ్గు, నేనే కావాలి, నేను చేయిస్తుంటే నన్ను చూడకుండా గోడకేసి చూస్తూ కూర్చునేవారు. ఇన్నేళ్ళ కాపరంలో ఒకళ్ళకి చేయడమే గానీ చేయించుకోవడం అలవాటు లేని మనిషి, చిరాకంతా అక్కడ్నించే వస్తోందని నాకు అర్థమయ్యేసరికి ఆలస్యమైంది.

ఇంకోటి, దీన్ని ఎవరూ అడగరు. మంచం హాల్లోకి మారిపోయింది, నేను లోపల. మళ్ళీ ఎప్పుడు మొగుడూ పెళ్ళాల్లా మామూలుగా ఉండొచ్చో డిశ్చార్జ్ కాగితంలో ఎక్కడా లేదు. చెకప్‌కి వెళ్ళినప్పుడు ఆయన్ని ఎక్స్‌రేకి తీసుకెళ్ళగానే అక్కడి లేడీ డాక్టర్ని అడిగేశాను. ఆవిడ నవ్వలేదు. గాయం మాని నొప్పి తగ్గాక, మామూలుగా నాలుగు నించి ఆరు వారాలకి పర్లేదు, మోకాళ్ళ మీద బరువు ఆననివ్వకండి అంది. అంతే, దానికి నేను అన్నాళ్ళు సిగ్గుపడ్డాను.

ఇప్పుడు కర్ర లేకుండానే బజారుకెళ్ళొస్తున్నారు, ఎడమ కాలు కూడా చేయించేసుకుంటానని మొదలెట్టారు. చేయించుకోండి, కానీ ముందు మా చెల్లి వచ్చి ఉంటానని ఒప్పుకోవాలి, రాత్రి డ్యూటీకి మనిషిని పెట్టాలి, నా మోకాళ్ళు కూడా ఆ డాక్టరుకే చూపించాలి అన్నాను. మొదటి రెండూ ఒప్పుకున్నారు. మూడోదానికి "నీకేటయింది" అంటన్నారు.