ఉక్కలో, ఫ్లైఓవర్ల మీద: నా తొలి హాఫ్ మారథాన్

హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో జరుగుతుంది. నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. ఈ రూటు పేరెత్తితే చాలు, పరుగెత్తేవాళ్లు రెండు మాటలు చెప్తారు: ఫ్లైఓవర్లు, ఉక్క. నలభై దాటాక, బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ, అందులో హాఫ్, అంటే 21.1 కిలోమీటర్లు పూర్తి చేశాను. నెట్‌లో దొరికే ప్లాన్లు చాలావరకు చల్లటి వాతావరణానికి, చదునైన రోడ్లకు రాసినవి. వాటిని మన ఊరికి తగ్గట్టు ఎలా మార్చుకున్నానో చెప్తాను.

షూ కొనకముందు రక్త పరీక్ష చేయించుకున్నాను. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. నాకు 10 దగ్గర ఉంది. డాక్టర్ ఐరన్ మాత్రలు రాశారు, కొన్నాళ్లు నడక చాలన్నారు. మాత్ర నిమ్మరసంతో వేసుకుంటే ఐరన్ బాగా ఒంటికి పడుతుంది. టీ, కాఫీ దాన్ని అడ్డుకుంటాయి కాబట్టి వాటికి, మాత్రకు మధ్య కనీసం గంట తేడా ఉండాలి. ఇంటిల్లిపాదికీ వండి పెట్టి చివర్లో మిగిలింది తినే అక్కచెల్లెళ్లకు గట్టిగా చెప్తున్నాను: పరుగు మొదలుపెట్టే ముందు ఈ పరీక్ష తప్పకుండా చేయించుకోండి.

మా ఇల్లు తార్నాకలో. కాబట్టి ప్రాక్టీసంతా ఉస్మానియా క్యాంపస్‌లోనే. తెల్లవారుజామున ఆర్ట్స్ కాలేజీ ముందు నడిచేవాళ్లు, పరుగెత్తేవాళ్లు, పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు కలిసి సందడిగా ఉంటుంది. అక్కడే రిటైరైన ఒక సార్ పరిచయమయ్యారు. నేను రొప్పుతూ పోతుంటే పక్కకొచ్చి, "నిమ్మళంగ ఉరుకు బిడ్డా. ముచ్చట పెట్టుకుంట ఉరకగలిగితెనే అది నీ స్పీడు" అన్నారు. కోచ్‌లు చెప్పేదీ ఇదే. వారంలో చేసే పరుగులో దాదాపు 80 శాతం తేలిగ్గా, మాట్లాడగలిగే వేగంలో ఉండాలి. గుండె, ఊపిరి త్వరగానే అలవాటు పడతాయి కానీ కండర బంధాలు, ఎముకలు గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఈలోగా వేగం పెంచితే పిక్కల ముందు ఎముక నొప్పో, మడమ నొప్పో పట్టుకుంటుంది.

నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. ఇదే నా పద్ధతి. 1972 ఒలింపిక్స్‌లో పరుగెత్తిన అమెరికన్ జెఫ్ గాలోవే ఇలా పరుగు, నడక కలపడాన్ని ప్రచారంలోకి తెచ్చారు. అలసిపోయాక నడవడం కాదు, అలసట రాకముందే మొదటి కిలోమీటరు నుంచీ నడవాలి. వారానికి నాలుగు రోజులు ప్రాక్టీస్, ఆదివారం పొడవైన పరుగు. దాన్ని 5 కిలోమీటర్ల నుంచి మెల్లగా 18 దాకా పెంచాను. ప్రతి నాలుగో వారం దూరం తగ్గించి ఒంటికి విశ్రాంతి ఇచ్చాను.

ఎండాకాలంలో తెల్లారకముందే ముగించాల్సిందే. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ తర్వాత చెమట త్వరగా పడుతుంది, రక్తంలో ద్రవం పెరుగుతుంది, అదే వేగానికి గుండె కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. అసలు ఇబ్బంది వానలు మొదలయ్యాకే. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుందే కానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అలాంటి రోజున వాచీలో వేగం చూడటం మానేసి ఊపిరినే కొలతగా పెట్టుకున్నాను. కిలోమీటరుకు అర నిమిషం, నిమిషం ఎక్కువ పట్టినా టెన్షన్ పడలేదు.

ఇక ఫ్లైఓవర్లు. అందరూ ఎక్కడం గురించే భయపెడతారు. ఎక్కేటప్పుడు చేయాల్సింది అడుగులు చిన్నవి చేసి, వేగం కాకుండా శ్రమ ఒకేలా ఉండేలా చూసుకోవడమే. నా దృష్టిలో దిగడమే కష్టం. దిగేటప్పుడు తొడ ముందు కండరాలు సాగుతూనే బ్రేకు వేయాలి. రెండు రోజుల దాకా మెట్లు దిగలేకపోవడానికి కారణం ఇదే. అందుకే కొన్ని ఆదివారాలు కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న ఎత్తుపల్లాల్లో పరుగెత్తాను. వారానికి రెండుసార్లు ఇంటి మెట్ల మీద ఒంటికాలితో మెల్లగా కిందికి దిగడం, మునివేళ్ల మీద లేవడం చేశాను. పదిహేను నిమిషాల పని, మోకాళ్లకు మాత్రం ఎంతో మేలు చేసింది.

షూ సాయంత్రం పూట కొనాలి. అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. బొటనవేలు ముందు వేలెడంత ఖాళీ ఉండాలి. కార్బన్ ప్లేటు ఉన్న ఖరీదైన షూ మొదటిసారి పరుగెత్తేవాళ్లకు అక్కర్లేదు, కాలికి హాయిగా ఉన్నదే మంచి షూ. ఒక జత 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా పనిచేస్తుంది. వానలో తడిస్తే లోపలి అట్ట (ఇన్‌సోల్) తీసి, లోపల న్యూస్‌పేపర్ కుక్కి నీడలో ఆరబెట్టాలి. కాటన్ సాక్స్ వద్దు, తడిస్తే బొబ్బలొస్తాయి. ఆడవాళ్లు డబ్బు మిగుల్చుకోకూడనిది స్పోర్ట్స్ బ్రా దగ్గర. ఒరుసుకునే చోటల్లా ముందే వాజిలిన్ రాసుకోవాలి.

తిండి సంగతి వివరంగా చెప్పాలి. గంట దాటే పరుగులో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. మామూలు అరటిపండులో సుమారు 25 గ్రాములుంటాయి, చిన్న ఖర్జూరాలు నాలుగు తిన్నా దాదాపు అంతే. పరుగు మధ్యలో తినడానికి చిన్న ప్యాకెట్లలో అమ్మే తీపి జెల్ నా పొట్టకు పడలేదు కానీ ఖర్జూరాలు పడ్డాయి. పల్లీ చిక్కీ పరుగు మధ్యలో వద్దు, అందులోని నూనె అరగడానికి టైం పడుతుంది. రేసు ముందురోజు రాత్రి పప్పు, ఆకుకూర మాని పెరుగన్నం తిన్నాను. పొద్దున మూడు ఇడ్లీలు, కొంచెం తేనె. ఇవన్నీ ఆదివారాల్లో ముందే తిని చూసుకున్నవే.

నీళ్ల విషయంలో ఒక చిన్న పరీక్ష ఉంది. గంట పరుగుకు ముందు, తర్వాత బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకు సుమారు లీటరు చెమట పోయినట్టు. మధ్యలో తాగిన నీళ్లు దానికి కలపాలి. నాకు గంటకు ముప్పావు లీటరు తేలింది. చెమట పోయినదానికంటే ఎక్కువ నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రాణాంతకం కూడా కావొచ్చు. అందుకే వట్టి నీళ్లే కాకుండా ఓఆర్ఎస్ కలిపి తీసుకెళ్లాను. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. ఓఆర్ఎస్ పేరుతో అమ్మే తీపి పానీయాల మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకుండా ఆదేశాలిచ్చింది. ఆవిడకు మనమంతా రుణపడి ఉన్నాం.

రేసు రోజు మబ్బు పట్టి, గాలి ఆడలేదు. పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద జనం దూసుకుపోతుంటే నేను నాలుగు నిమిషాల లెక్కనే నమ్ముకున్నాను. జూబ్లీహిల్స్ ఎత్తు దాటి కేబుల్ బ్రిడ్జి మీదికి వచ్చేసరికి వాళ్లలో చాలామంది నడుస్తున్నారు. నా తొడలు మాత్రం ఇంకా మాట వింటున్నాయి. చివరి కిలోమీటర్లు కష్టంగానే గడిచాయి కానీ కాళ్లు పట్టేయలేదు. స్టేడియంలోకి వచ్చాక ఏడుపొచ్చింది.

గంటలోపే రెండు గుడ్లు, అన్నం తిన్నాను. తర్వాత రెండు వారాలు గట్టి ప్రాక్టీస్ ఏదీ లేదు, నడకా తేలికపాటి పరుగే. ఇప్పుడు మా బ్రాంచిలో ఇద్దరు నాతో క్యాంపస్‌కు వస్తామంటున్నారు. ముందు రక్త పరీక్ష రిపోర్టు తెమ్మన్నాను.